నాలుగువందల పదిహేడో కొక్కెం

టికెట్ పది రూపాయలు.
కెమెరాకు ఇరవై అని గోడ మీద రాసుంది గానీ
అడిగేవాళ్లు లేరు, ఇచ్చేవాళ్లూ లేరు.
ఒకప్పుడు ఇది జీతాల ఆఫీసు.
కిటికీకి అప్పటి ఇనుప కమ్మీలే.
మా అమ్మ నొసలు ఆనించి ఆనించి
నునుపు చేసిన కమ్మీ ఏదో
వెతుక్కుంటూ లోపలికొచ్చినాను.

దస్తగిరి మామ చీపురు పక్కన పెట్టినాడు.
ముప్పై ఏండ్లు బోను దించి, ఎత్తిన చేతులు
ఇప్పుడు గాజుపెట్టెల మీద దుమ్ము తుడుస్తాయి.
"తుడిచేకొద్దీ వస్తాదమ్మా.
రామగిరి దుమ్ము, నీకు తెలీనిదా" అన్నాడు.
తెలుసు.
మా నాయన ఆ దుమ్మును
ధర్మవరం ఆస్పత్రి దాకా మోసినాడు.
ఎక్స్‌రే ఫిలిం మీద తెల్లగా,
చౌడు పేరుకున్న చేను మాదిరి.

కార్బైడ్ దీపం, అడుగున చిల్లు.
అట్టతో చేసిన టోపీ, లోపల ఇంకా చమట మరక.
రాయి తొలిచే ఉలులు,
కొత్తది మూరెడు, అరిగింది జానెడు.
సత్తు క్యారియర్ ఒకటి, మూడు గిన్నెలది,
రెండే ఉన్నాయి.
"మూడోది ఏమాయె మామా?"
"అడుగునుంది" అన్నాడు నేల కేసి చూపించి.
నవ్వినాడో లేదో తెలీలేదు.

అంతలో పేరూరు బడి పిల్లలు బిలబిలా వచ్చిపడినారు.
"తాతా, బంగారం యాడుంది?"
గది నడిమధ్యన అన్నిటికంటే పెద్ద గాజుపెట్టె.
అందులో పలుగురాయి ఒకటి, అంతే.
"దాంట్లోనే ఉంది. టన్ను రాయికి
నాలుగైదు గ్రాములు. ఇది కిలోన్నర.
లెక్కేసుకోండి."
ఒక పిల్ల నిజంగానే వేళ్ల మీద లెక్కేసింది.
"అంటే కంటికి కనపడదా?"
"మాకెవరికీ కనపడలేదు పాపా."

వెనక గోడకు టోకెన్ల బోర్డు.
దిగేటప్పుడు తీసుకోవాల, పైకొచ్చినాక తగిలించాల.
కొక్కెం ఖాళీగా ఉందంటే
మనిషింకా కింద ఉన్నట్టు.
అమ్మకు అంకెలు రావు గానీ
పై నుంచి ఏ వరస, ఎడమ నుంచి ఎన్నోది
తెలుసు ఆమెకు,
బుడ్డల చేలో తన సాలు తెలిసినట్టు.

ఇప్పుడూ అదే ఖాళీ.
గని మూసిన రోజు,
సంతకాలు పెట్టించుకొని చెక్కులు ఇచ్చి పంపిన రోజు,
మా నాయన బిళ్ల తిరిగి ఇయ్యలేదు.
పోయిందని అబద్ధమాడి, జరిమానా కట్టి,
పదకొండేండ్లు మొలతాడుకు కట్టుకొని తిరిగినాడు.
ఎందుకంటే చెప్పేటోడు కాదు.
ఆఫీసు లెక్క ప్రకారం
ఆయనింకా అడుగునే ఉన్నాడు,
గని నిండా నీళ్లొచ్చినాక కూడా.
మరి మేము మోసుకుపోయి పూడ్చిపెట్టింది ఎవరినో.

మామ పుస్తకం తెరిచినాడు.
ఇచ్చినవారి పేరు: వన్నూరమ్మ.
వస్తువు: ఇత్తడి బిళ్ల, ఒకటి.
విలువ.
ఆ గడి దగ్గర పెన్ను ఆగింది.
"ఇత్తడి కిలో ఎంతుందో ఇప్పుడు" అన్నాను,
ఏదో ఒకటి అనాలని.
ఆయన గడి వదిలేసినాడు.

"నువ్వే తగిలించు."

చిల్లులో మొలతాడు పోగు
ఇంకా చిక్కుకొనే ఉంది, నల్లగా.
అది తీస్తే మళ్లీ ఇంటికి తీసుకుపోతానేమో అని
తియ్యకుండానే తగిలించినాను.

మామ గోడ గడియారం చూసినాడు,
అది ఆగిపోయిన సంగతి మరిచి.
తర్వాత చేతి వాచీ.
పుస్తకం చివరి పేజీలో, ఏ గడీ లేని చోట,
రాసుకున్నాడు:
కుళ్లాయప్ప, నాలుగూ పది, పైకి.

అప్పటికి పిల్లలు మూలనున్న గంట తాడు కనిపెట్టినారు.
ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే దించు,
మూడు కొడితే బోనులో మనుషులున్నారు, మెల్లగా.
వాళ్లకేం తెలుసు, ఇష్టమొచ్చినట్టు లాగుతున్నారు.
ఆరు, ఏడు, ఎనిమిది,
ఏ అర్థమూ లేని అంకెలు.
లెక్కపెడుతూ నిలబడిపోయినాడు మామ,
కుడిచెయ్యి గాలిలో కొంచెం లేచి,
అక్కడ లేని మీటను పట్టుకొని.